బంగారు చొక్కా

గడియారాలు బాగుచేసే పెద్దాయన గతించిన వార్త నాకు సంతాపంగా చేరలేదు. ఒక బేరపు మాటకు ముందుమాటగా చేరింది. గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే మా తమ్ముడి కొడుకు ఫోనులో అన్నాడు: "పెదనాన్నా, పర్చూరు వాచీల తాత రాత్రి పోయాడంట. ముత్తాతగారి బంగారు వాచీ ఎటూ ఆగిపోయిందిగా, ఇంక బాగుచేసేవాడు కూడా లేడు. పొద్దున్నే కరిగించేశాను."

"ఒరేయ్, దేన్ని కరిగించావురా!" అని అరిచాను. ఆ అరుపు ఇంకా నా గొంతు దిగలేదు. ఈ నాలుగు మాటలూ దానితోనే రాస్తున్నాను, పాఠకులు మన్నించాలి.

అది మా తాతగారి జేబు గడియారం. నా యౌవనం నుంచీ దాని ఆయుర్దాయం ఆ పెద్దాయన చేతిలోనే ఉండేది. కొన్నేళ్ళుగా దాన్ని ఆయన దగ్గరే ఉంచేశాను. పర్చూరు బస్టాండు ఎదుట, ఆయన కూర్చుంటే మరొకరికి చోటులేని దుకాణం. మిరపకోతల కాలంలో వెళ్తే ముందు నీళ్ళచెంబు చూపించేవారు. "చేతులు కడుక్కోండి మాస్టారూ. మిరపకాయ ముట్టిన చేత్తో పట్టుకుంటే నా వాచీలు తుమ్ముతాయి." మూత తెరిచేముందు ఫ్యాను ఆపేవారు, నా నోరు కూడా ఆపమని కనుబొమతో సైగ చేసేవారు. జీవితమంతా ఛందస్సు చెప్పినవాణ్ణి, విరామమంటే ఏమిటో అక్కడ కూర్చుని అనుభవించాను.

బంగారం మెరుపును పొగిడితే ఆయనకు చిరాకు. "బంగారం చొక్కా అండీ. లోపలున్నోడు మనిషి. చొక్కాకి దండం పెట్టేవోళ్ళు ఎక్కువైపోయారు మన జిల్లాలో."

అయినా ఆ చొక్కాకూ ఒక మర్యాద ఉంది. బాగుచేసిన ప్రతి పనివాడూ మూత లోపలివైపు తన గుర్తు గీసిపోవడం ఆ వృత్తి ఆచారం. మా గడియారంలో ఎవరెవరివో పాత గీతల కింద, ఈయన సూదిమొనతో గీసిన చిన్న శిలువ ఉండేది. దుకాణం బోర్డు మీదైనా పేరు రాయించుకోని మనిషికి లోకంలో అదే సంతకం. అది బంగారం కరిగించే మూసలో కలిసిపోయింది.

సమాధుల తోటలో పెట్టె దించాక వారి భార్య నన్ను పక్కకు పిలిచింది. కొంగుముడి విప్పి, చింతగింజంత తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"మీ తమ్ముడిగారి అబ్బాయి లాకర్లో పెడతానని వాచీ పట్టుకుపోయాడు గదండీ, ఇది మర్చిపోయాడు. రోజూ ప్రార్థన అయ్యాక ఆయనే దానికి కీ ఇచ్చేవోడు. 'కీ లేకుండా పట్టుకెళ్ళాడే, ఆగిపోద్దే, మాస్టారికి చెప్పించు' అని మంచంలో కూడా అదే గోలండీ. ఎవరితో చెప్పించనూ?"

అయ్యా! ఆ గడియారానికి ఏ జబ్బూ లేదు. ఆకలి వేసింది, అంతే. బ్యాటరీలు మార్చుకునే చేతులకు, గడియారానికి కీ ఇవ్వాలన్న ఊహే తోచలేదు. పర్చూరుకు ఒక్క ఫోను చేసి ఎందుకు ఆగిందని అడిగితే, ఆ మనిషి మంచంలోంచే చెప్పేవాడు. ఆగినదాన్ని చచ్చిందనుకున్నారు. వ్యాపారులు!

మావాడు లోపలి యంత్రాన్ని ప్లాస్టిక్ కవరులో వేసి తెచ్చాడు. "ఈ మిషన్ని బంగారం షాపువాళ్ళు తిరిగిచ్చేశారు పెదనాన్నా. ఇత్తడంట, పనికిరాదంట."

"చేతులు కడుక్కునిరా," అన్నాను. ఎందుకో వాడికి అర్థం కాలేదు. నేను ఫ్యాను ఆపి, తాళంచెవి పెట్టి తిప్పాను.

ఇప్పుడది నా బల్లమీద, బోర్లించిన గాజుగ్లాసు కింద ఉంది. ఒంటిమీద చొక్కా లేదు. యంత్రంలో పొదిగిన ఎర్రరాళ్ళ నడుమ చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతూనే ఉంది. నేను ఇంకా ఫ్యాను వేయలేదు.