అచ్చుకాని నాలుగు వారాలు

కళ్ళకు శుక్లాల ఆపరేషన్ చేసిన డాక్టరు నెల్లాళ్ళు పుస్తకం ముట్టుకోవద్దన్నాడని మా మనవరాలు తన ఫోనులో నవలలు పెట్టి నా దిండు పక్కన ఉంచి పనికి వెళ్ళిపోతోంది. అందులో చదివే అమ్మాయి ఎవరో గానీ చక్కగానే చదువుతుంది, ఒక్క తప్పు పోదు, కాకపోతే పెళ్ళి దగ్గరా చావు దగ్గరా ఒకటే గొంతు. వింటూ వింటూ విసుగొస్తోంది. నా ఈడువాళ్ళు గనక మీతో చెప్పుకుంటున్నాను, నవలల నాయికల మీద నాకిక ఓపిక లేదు. రెండు పేజీల వెన్నెల, ఒక పేజీ ఏడుపు, జ్వరంలో పలవరిస్తూ మనసులో మాట బయటపెట్టే నాయకుడు, ఇవి ఎన్ని వందలసార్లు చదివానో లెక్కలేదు. మొదటి నుంచీ నాకు నచ్చినవాళ్ళు వంటింటి గుమ్మంలో నిలబడి ఒక్క మాట అనేసి పోయే మేనత్తలు. వాళ్ళకు పేరు పెట్టడం కూడా రచయితలు మరిచిపోతారు.

ఇంతకీ, ఇలా పక్కమీద పడి వింటుంటే, నేనే ఒకరికి చదివి వినిపించిన రోజులు గుర్తుకొచ్చాయి. అప్పుడు మేము సీతాఫల్‌మండిలో ఉండేవాళ్ళం. నాన్నకు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని. నిజాం రాజ్యంలో తెలుగు అచ్చు కంటబడడమే గగనమైన కాలం. నాన్న స్నేహితుడు, రైలు గార్డు ఒకాయన, బెజవాడ నుంచి వచ్చినప్పుడల్లా ఒక వారపత్రిక తెచ్చి ఇచ్చేవాడు. మా ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ, గోడకవతల మేము ఖాలా అని పిలిచే ముస్లిం పిన్ని. ఆమె మాట్లాడేది మన తెలుగే, చదువు మాత్రం ఏ భాషలోనూ రాదు. ఖాలూ, అంటే ఆమె భర్త, మోండా మార్కెట్లో దర్జీ. ఆయన తెచ్చిన చొక్కాలకు ఆమె ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టేది. పదమూడేళ్ళదాన్ని, మధ్యాహ్నాలు గోడెక్కి కూర్చుని, పత్రికలో వచ్చే సీరియల్ నవలను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గట్టిగా చదివేదాన్ని.

కథ పెద్దదేమీ కాదు. ఓడ మీద వ్యాపారానికి వెళ్ళిన భర్త ఎంతకీ తిరిగి రాడు, ఇక రాడని అందరూ అంటారు, ఆమె మాత్రం ఎదురుచూస్తుంది. ఆ నాయిక ఏడుస్తుంటే ఖాలా సూది ఆపి, "ఇంతసేపు ఏడ్వవట్టె, పొయ్యి మీది బువ్వ ఎవలు జూస్తున్నరు?" అనేది. ఇన్నేళ్ళలో ఏ విమర్శకుడూ అంతకంటే మంచి ప్రశ్న వేయగా నేను చదవలేదు.

ఆ యేడు ఎండాకాలంలో యూనిఫారాలు కుట్టే పని దొరికిందని ఖాలూ బీదరు వైపు వెళ్ళాడు. ఆ రోజుల్లోనే ఇండియన్ యూనియన్ వాళ్ళు నిజాం రాజ్యంలోకి సరుకులు రాకుండా కట్టడి చేశారు. ఉప్పు కరువైంది, కిరసనాయిలు కరువైంది, మా వారపత్రికా ఆగిపోయింది. వీధిలో రజాకార్ల కవాతు వినబడితే మా అమ్మ తలుపు గడియ పెట్టేది, ఖాలా గోడవతలి నుంచి "నేనున్న బిడ్డా, భయపడకుండ్రి" అని ధైర్యం చెప్పేది. కాస్త సద్దుమణగగానే పత్రిక వచ్చిందా అని అడిగేది. మూడు వారాలు రాలేదన్నాను. నాలుగో వారం ఆమె మొహం చూడలేక, పాత సంచిక ఒకటి తెరిచి పట్టుకుని అందులో లేనిది చదవడం మొదలుపెట్టాను. జాలి ఒక్కటే అంటే అబద్ధం. ఆ రచయిత కంటే నేనే బాగా నడపగలనన్న పొగరు కూడా ఉంది. అలా నాలుగు వారాలు కల్పించాను. నాలుగో వారంలో ఓడ రేవుకు చేరింది, గడ్డం పెరిగి చిక్కి సగమైన భర్త ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఖాలా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు గర్వంతో కడుపు నిండిపోయింది.

ఆ వారంలోనే పోలీసు చర్య జరిగి, యూనియన్ సైన్యం నిజాం రాజ్యాన్ని లోబరుచుకుంది. ఇప్పుడు గడియ పెట్టుకోవడం ఖాలా వంతైంది, ధైర్యం చెప్పడం మా అమ్మ వంతైంది. బీదరు వైపు నుంచి వచ్చినవాళ్ళు చెప్పిన సంగతులు మంచివి కావు. ఖాలూ జాడ లేదు. షోలాపూర్ నుంచి ఆమె అన్నగారు వచ్చి, ఒంటిదానివి ఇక్కడెందుకు, నాతో వచ్చెయ్యమని బతిమాలాడు. "వస్తడు భాయ్. గా పుస్తకంల సుత అందరు గిట్లనే అన్నరు. ఆఖరికి రాలేదా ఆయన?" అంది ఖాలా. గోడకివతల బట్టలారేస్తున్న నా చెవిన ఆ మాట పడింది.

రెండు రోజులకు గార్డుగారు పాత సంచికలన్నీ ఒక్క కట్టగా తెచ్చి ఇచ్చాడు. అచ్చులో ఆ భర్త ఎప్పుడో తుఫానులో మునిగిపోయాడు. నా తప్పు ఒప్పుకునే ధైర్యం చాలక, ఉన్నది ఉన్నట్టు చదివితే ఆమే గ్రహిస్తుందనుకుని గోడెక్కాను. అన్నీ వరసగా "సమాప్తం" దాకా చదివేశాను. ఖాలా కాజా కుడుతూనే, "ఇన్ని దినాలు రాసింది సశేషం గద బిడ్డా. వారం వారం ఆఖర్ల ఆయన పేరు నువ్వే చదివినవు. ఈ సమాప్తం ఎవడో కొత్తోడు, ఆయనకేం ఎరుక?" అంది.

కథ ఇంకా ఉందని చెప్పే ఆ మాటను ఆమె రచయిత పేరనుకుంది. నా కల్పన చివర కూడా నేను దాన్ని మరిచిపోకుండా చదివాను మరి. సశేషం అనే మనిషి లేడని, ఆ నాలుగు వారాలూ నేనే అల్లానని చెప్పాలనుకుంటూనే, పత్రికల కట్ట చంకన పెట్టుకుని గోడ దిగేశాను. మర్నాడు ఆమె అన్నగారు ఒక్కడే బండెక్కాడు.

ఖాలా మూడేళ్ళు ఎదురుచూసింది, వేరే దర్జీల కాజాలు కుట్టుకుంటూ. ఖాలూ రాలేదు, ఏ కబురూ రాలేదు. చివరికి అన్నగారు మళ్ళీ వచ్చి తీసుకువెళ్ళాడు. జట్కా ఎక్కబోతూ ఆమె నా గడ్డం పట్టుకుని, "మంచిగ చదువుతవు బిడ్డా. నీ నోట వింటే అంత నిజమే అనిపిస్తది" అంది. ఎగతాళో, మెచ్చుకోలో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మేముండిన చోట ఇప్పుడు నాలుగంతస్తుల ఇళ్ళు లేచాయి, పక్కింటివాళ్ళ పేరు పక్కింటివాళ్ళకు తెలియదు. ఇప్పటి పాఠకులు తెలివైనవాళ్ళు. నవల అయిపోగానే మూసేసి తమ పని చూసుకుంటారు, ఏ పాత్ర మాటా పట్టుకుని వాకిట్లో కూర్చోరు. అదే మంచిది. నాకు మాత్రం ఈ వయసులో కూడా, పోయినవాడు తిరిగొచ్చే నవల ఏదైనా తగిలితే సంతోషం కలగదు. దీన్ని ఎవరైనా నమ్ముతారేమోనని భయమేస్తుంది.