నలభై ఒకటో తుపాకీ

మార్చి పదకొండో తేదీ, సోమవారం ఉదయం ఎల్వుడ్ స్ట్రేయర్ చేతిలో స్క్రూడ్రైవర్ జారింది. జారి, 1912లో తయారైన ఒక రైఫిల్ ఎడమ పక్కన, నీలిరంగు ఉక్కు మీద అరంగుళం గీత గీసింది. మరో ఇంట్లో అయితే ఇది ఎవరికీ చెప్పుకోవలసిన సంగతి కాదు. పెన్సిల్వేనియాలోని మా కొండ ఊళ్ళల్లో తుపాకీ లేని ఇల్లు అరుదు, గీతలు లేని తుపాకీ ఇంకా అరుదు. కానీ ఎల్వుడ్ ఇంటి నేలమాళిగలో నలభై ఏళ్ళుగా ఏ తుపాకీ మీదా కొత్త గీత పడలేదు.

రైలు పెట్టెల కార్ఖానాలో ముప్పై ఎనిమిదేళ్ళు లేత్ మీద పనిచేసిన మనిషి అతను. వేలెడంత ఇనుప ముక్కని వెంట్రుక తేడా లేకుండా కోయడం అతని ఉద్యోగం. ఆ అలవాటే ఇంటికీ తెచ్చుకున్నాడు. నలభై ఒక్క పాత తుపాకులుంటే, వాటి స్క్రూల గాడికి సరిగ్గా సరిపోయేలా కొస ఆకురాయితో అరగదీసిన స్క్రూడ్రైవర్లు అరవైకి పైగా ఉండేవి. ఏ తుపాకీవి ఆ తుపాకీ పక్కనే మేకుకి వేలాడేవి. చెమట తగిలితే ఉక్కు తుప్పు పడుతుందని తెల్ల నూలు తొడుగులు వేసుకోకుండా దేన్నీ ముట్టుకునేవాడు కాదు, ముట్టుకోనిచ్చేవాడూ కాదు. వేటకి వేరే మామూలు తుపాకీ ఒకటుండేది. ఈ నలభై ఒక్కటీ ఒక్క తూటా కూడా ఎరగవు, అతని దగ్గరికి వచ్చాక.

అగ్నిమాపక దళం హాల్లో ఏటా తుపాకుల సంత జరుగుతుంది. ఎల్వుడ్ అటు వస్తున్నాడంటే అమ్మేవాళ్ళు కొన్నింటిని దుప్పటి కిందికి తోసేవాళ్ళు. అతను ధర అడగడు, పేరు అడగడు. ముందుగా వంగి స్క్రూల తలలు చూస్తాడు.

"ఈ స్క్రూని ఎవడు కొరికాడు?"

"నేనేం చెయ్యలేదు ఎల్వుడ్, నా దగ్గరికి అలాగే వచ్చింది."

"అలాగే వస్తే అలాగే పంపెయ్యి. చేతకానివాడికి స్క్రూడ్రైవర్ ఇవ్వడమంటే కోతికి క్షౌరం కత్తి ఇవ్వడమే."

ఇన్నేళ్ళు ఇంతమందిని తిట్టినవాడి చేతిలోనే జారింది. ఏడాదిగా అతని కుడిచెయ్యి వణుకుతోంది. డాక్టరు దానికో పేరు చెప్పి మాత్రలు రాశాడు. అయినా ఎల్వుడ్ వణుకుని తప్పుపట్టలేదు. తను తీసింది పక్క తుపాకీ మేకుకి వేలాడే స్క్రూడ్రైవర్. కొసలో కాగితమంత మందం తేడా. ముప్పై ఏళ్ళ కిందటైతే ముట్టుకోగానే తెలిసిపోయేది. ఇప్పుడు తెలియలేదు.

మెట్లెక్కి పైకి వచ్చి, చేతులు కడుక్కుని, వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. అతని భార్య ఆర్డిత్ మొహం చూసి, "ఎవరు పోయారు?" అని అడిగింది.

"ఎవరూ పోలేదు. అమ్మేస్తున్నా."

"దేన్ని?"

"అన్నిటినీ. ఇన్నాళ్ళూ వాటిని పిల్లలనుంచీ, దొంగలనుంచీ, తేమనుంచీ కాపాడాను. ఇప్పుడు నా నుంచి కాపాడాలి."

ఆర్డిత్ నమ్మలేదు. యాభై రెండేళ్ళ కాపురంలో తనకంటే ఎక్కువ ముద్దు చేసిన సామాను అది. కానీ ఆ వేసవంతా ఎల్వుడ్ నిజంగానే అమ్మాడు. అమ్మిన తీరు మాత్రం మిగతావాళ్ళలా కాదు.

మా దగ్గర తుపాకీలు కొని అమ్మేవాళ్ళ మధ్య ఒక మర్యాద ఉంది. ఇష్టం లేకుండా అమ్ముకోవలసి వచ్చినవాడు చెయ్యి కలిపేటప్పుడు ఒక మాట అడుగుతాడు. "నువ్వు దీన్ని అమ్మే రోజంటూ వస్తే మొదటి కబురు నాకే." కొన్నవాడు సరే అంటాడు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. ఎన్నేళ్ళ తర్వాతైనా, అమ్మేముందు ఆ మనిషికి కబురు పెట్టాలి, కొన్న ధరకే ఇవ్వాలి. చాలామంది మరిచిపోతారు. ఎల్వుడ్ మరిచిపోలేదు. నలభై ఒకటిలో పన్నెండింటికి మాట ఇచ్చి ఉన్నాడు.

పదకొండు కబుర్లు ఏప్రిల్‌లోనే పంపేశాడు. చనిపోయినవాళ్ళ ఇళ్ళకి కూడా ఫోన్ చేశాడు. ఒక ముసలావిడ విని, "మా ఆయన తుపాకీయా? ఆయన పోయాక ఇంట్లో చోటు కలిసొచ్చిందని నేను సంతోషపడుతుంటే మళ్ళీ తెస్తావా? నీకో దండం నాయనా" అని పెట్టేసింది. ముగ్గురు వచ్చి తీసుకెళ్ళారు. మిగతావి సేకరించేవాళ్ళకి వెళ్ళాయి. ఒక్కొక్కటీ వెళ్ళేటప్పుడు ఎల్వుడ్ వాకిట్లో నిలబడి, కారు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి దాని మేకు గోడ నుంచి పీకేసేవాడు. సెప్టెంబరు వచ్చేసరికి ఒక్కటే మిగిలింది. గీత పడినది. పన్నెండో మాట దానిదే.

దాన్ని 1988 అక్టోబరులో మెర్ల్ యార్నెల్ దగ్గర కొన్నాడు. అది మెర్ల్ తండ్రి తుపాకీ. బొగ్గు గని మూతపడ్డ ఏడాది. అమ్మిన రోజు మెర్ల్ ట్రక్కు దిగలేదు, కిటికీలోంచే అందించి, మొదటి కబురు మాట తీసుకుని, ఎల్వుడ్ మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. ఉక్కు మీది నీలిపూత చాలావరకు మొదట వేసినదే మిగిలి ఉంది. అలాంటిది దొరకడం అరుదు. ఎల్వుడ్‌కి నలభై ఒకటిలోనూ అదే ప్రాణం.

పిట్స్‌బర్గ్ నుంచి వింగర్ట్ అనే పళ్ళ డాక్టరు దానికోసం రెండుసార్లు వచ్చాడు. తన ఇంట్లో గాజు బీరువాలున్నాయని, లోపలి తేమని యంత్రమే చూసుకుంటుందని ఫోటోలు చూపించాడు. గీత చూసి, "పాపం" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఎల్వుడ్ మనసు గెలుచుకున్నాడు. మెర్ల్ సంగతి వేరు. అతని ట్రక్కు వెనక గొడ్డలీ, గొలుసూ, తుపాకీ, తడిసిన కుక్కా ఒకచోటే ఉంటాయి. మాట నిలబెట్టుకుంటే తుపాకీ అక్కడికి వెళుతుంది. తుపాకీని కాపాడాలంటే మాట పోతుంది. మూడు వారాలపాటు ఎల్వుడ్ ఈ రెంటి మధ్యా తిరిగాడు.

"మెర్ల్‌కి కబురు పెట్టావా?" ఆర్డిత్ అడిగేది.

"నంబరు మారిందేమో."

"ప్రతి శుక్రవారం హాల్లో చేపల భోజనానికి మన వెనక బల్ల దగ్గరే కూర్చుంటాడు. కుర్చీ తిప్పితే చాలు, నంబరెందుకు?"

"అతనికి గుర్తుండి ఉండదు."

"నీకు గుర్తుందిగా."

ఆ శుక్రవారం ఎల్వుడ్ కుర్చీ తిప్పాడు. మెర్ల్ పక్కన అతని కూతురు డెనీన్ కూర్చుని ఉంది. స్కూలు బస్సు నడుపుతుంది, నలభై దాటింది, పదమూడో ఏటి నుంచి వేటకి వెళుతోంది.

"మెర్ల్, మీ నాన్న తుపాకీ. అమ్ముతున్నా. మొదటి కబురు నీకు."

మెర్ల్ నోట్లో ముక్క నమలడం ఆపాడు. "నువ్వు పోయేదాకా ఆగాలేమో అనుకున్నాన్రా. తుపాకీ కోసం ఆర్డిత్‌ని అడగడానికి మంచి చొక్కా కూడా చూసి పెట్టుకున్నా."

"దానిమీద గీత పడింది. నా చెయ్యే జారింది. ముందే చెప్తున్నా."

"ఎంత గీత?"

"అరంగుళం. ఎడమ పక్క."

మెర్ల్ కూతురి వంక చూశాడు, మళ్ళీ ఎల్వుడ్ వంక చూశాడు. "మా నాన్న దాని పిడితో కంచె మేకులు దిగ్గొట్టేవాడు. ఒకసారి బురదలో బండి దిగబడితే చక్రం కింద పెట్టబోయాడు, మా అమ్మ కేకలేస్తే మానాడు."

ఎల్వుడ్ తన పళ్ళెం పక్కకి జరిపాడు. ఆ పూట ఇంక తినలేదు.

"నాకెందుకు గానీ, ఈ పిల్లకి" అన్నాడు మెర్ల్. "నా మోకాళ్ళు కొండెక్కవు. ఇదే ఎక్కాలి దాంతో."

"ఎక్కుతావా? వర్షమొస్తే?" ఎల్వుడ్ డెనీన్‌ని అడిగాడు.

"తడుస్తానండీ స్ట్రేయర్ గారూ" అంది డెనీన్. "జింకలు గొడుగులేసుకుని రావు కదా."

పక్క బల్లలవాళ్ళు కూడా నవ్వారు. ఎల్వుడ్ నవ్వలేదు. ఇంటికొచ్చి డాక్టర్ వింగర్ట్‌కి ఫోన్ చేసి, తుపాకీ అమ్ముడైందని చెప్పాడు. డాక్టరు ధర పెంచుతానన్నాడు. "ధర కాదండీ" అని పెట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు వచ్చారు. ఎల్వుడ్ రైఫిల్ని మెత్తటి దుప్పటి మీద పడుకోబెట్టి, పక్కన మూడు జతల తొడుగులు పెట్టాడు. మెర్ల్ తొడుగుల వంక చూసి, "ఆపరేషనేమైనా ఉందా?" అని, ఒట్టి చేతులతో తీసుకున్నాడు. గీత మీద అతని చూపు ఆగలేదు. పిడిని చెంపకి ఆనించి, కళ్ళు మూసుకుని, వాసన పీల్చాడు.

"నూనె వాసనొస్తోంది. అప్పుడు పొగాకు వాసనొచ్చేది."

"శుభ్రం చేశాను" అన్నాడు ఎల్వుడ్, నేరం ఒప్పుకుంటున్నట్టు.

డెనీన్ ట్రిగ్గర్ కిందున్న లీవర్‌ని కిందికీ పైకీ కదిపి చూసింది. "బాగుంది. కాల్చి చూద్దాం."

"ఇప్పుడా? ఇక్కడా?"

"గురి ఎలా ఉందో చూడకుండా ఎలా తీసుకెళ్ళనండీ? మీరు ఎప్పుడు కాల్చారు ఆఖరుసారి?"

ఎల్వుడ్ దుప్పటి మడతలు సర్దాడు. ఆర్డిత్ గుమ్మంలోంచి అంది: "ముప్పై ఆరేళ్ళలో ఒక్కసారి కాల్చలేదమ్మా. దానికి జోలపాట ఒక్కటే తక్కువ."

ఇంటి వెనక మట్టిగట్టుకి ఒక కాగితప్పళ్ళెం గుచ్చారు. చెవులకి దూది పెట్టుకోమని ఎల్వుడ్ అందరికీ ఇచ్చాడు. తను మరిచిపోయాడు. డెనీన్ కంచె స్తంభానికి ఆనుకుని మూడుసార్లు కాల్చింది. మొదటి చప్పుడుకి ఎల్వుడ్ భుజాలు పైకి లేచాయి. మూడోదానికి లేవలేదు. ఆ తుపాకీ నంబరు, అది తయారైన నెల, ఏ మరలో ఎన్ని గాట్లున్నాయో అతన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. దాని గొంతు మాత్రం వినడం అదే మొదలు.

"అదే. అదే చప్పుడు" అన్నాడు మెర్ల్. ఆ తర్వాత ఎల్వుడ్‌తో, "నువ్వు కొడతావా ఒకటి?" అన్నాడు.

ఎల్వుడ్ చెయ్యి చూపించాడు. వేళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి.

"స్తంభానికి ఆనించు. నేను పట్టుకుంటాలే."

అలాగే కొట్టారు, మెర్ల్ గొట్టం కింద తన అరచెయ్యి పెట్టి, ఎల్వుడ్ ట్రిగ్గర్ మీద వేలు పెట్టి. పళ్ళేనికి తగల్లేదు. మట్టిగట్టుకి కూడా సరిగ్గా తగల్లేదు, పైనున్న ముళ్ళపొద ఒకటి ఊగింది. డెనీన్ తల పక్కకి తిప్పుకుని నవ్వు ఆపుకుంది.

"పొదని చంపావు" అన్నాడు మెర్ల్.

"అది ఎప్పట్నించో నాకు అడ్డంగానే ఉంది" అన్నాడు ఎల్వుడ్.

వెళ్ళేముందు నూనె సీసా, మెత్తటి గుడ్డలు, తడిస్తే ఏం చెయ్యాలో రెండు పేజీల్లో వణుకుడు అక్షరాలతో రాసిన కాగితం ఇచ్చాడు. డెనీన్ తీసుకుని ట్రక్కులో పెట్టుకుంది. రైఫిల్ని వెనక సీటు మీద, స్కూలు పిల్లలు మరిచిపోయిన కోట్ల మధ్య పడుకోబెట్టింది. ట్రక్కు మలుపు తిరిగేదాకా ఎల్వుడ్ వాకిట్లో ఉన్నాడు. ఆ తర్వాత కూడా ఉన్నాడు.

నవంబరు ముప్పై, శనివారం జింకల వేట మొదలైంది. ఇళ్ళల్లో పొద్దున్నే బక్‌వీట్ పిండితో అట్లు వేశారు, రోడ్ల పక్కన వేటగాళ్ళు ఒకరికొకరు కనబడేలా వేసుకునే నారింజరంగు కోట్లు బారులుతీరాయి. ఎనిమిదింటికి వర్షం పట్టుకుంది. జల్లు కాదు, కొండల మీంచి అడ్డంగా కొట్టే వాన. ఆ ఏడాది ఎల్వుడ్ వేటకి వెళ్ళలేదు. చెయ్యి అలా ఉన్నప్పుడు అడవిలోకి వెళితే పక్కవాడికి ప్రమాదమని తనే మానుకున్నాడు.

కిటికీ దగ్గరికి వెళ్ళాడు, వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు.

"వాన నీకోసం ఆగదు, కూర్చో" అంది ఆర్డిత్.

"ఇప్పటికి గొట్టంలోకి నీళ్ళు దిగి ఉంటాయి."

"ఆ అమ్మాయి బస్సు మంచులో నడుపుతుంది. తుపాకీ తుడుచుకోలేదా?"

పదకొండింటికి ఎల్వుడ్ బూట్లేసుకుని, నేలమాళిగలోకి వెళ్ళి ఒక నూనె డబ్బా, గుడ్డలూ సంచిలో వేసుకుని, తాళాలు తీసుకుని బయటికి వెళ్ళాడు. యార్నెల్ వాళ్ళ పొలం ఏడు మైళ్ళు. డెనీన్ అడవి దిగే వేళకి తను గేటు దగ్గర ఉండొచ్చు. ట్రక్కు స్టార్ట్ చేసిన చప్పుడు ఆర్డిత్‌కి వినిపించింది. తర్వాత వెళ్ళిన చప్పుడు వినిపించలేదు. కిటికీ తెర తొలగించి చూసింది. అద్దం తుడిచే కడ్డీలు అటూ ఇటూ ఆడుతున్నాయి, ఎల్వుడ్ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. పావుగంట సేపు అలాగే ఉన్నాడని ఆమె తర్వాత మాతో చెప్పింది. తరవాత ఇంజను ఆగింది.

లోపలికొచ్చి బూట్లు విప్పాడు.

"ఏం మరిచిపోయావ్?" అని అడిగింది ఆర్డిత్.

"ఏం లేదు. బ్యాటరీ ఎలా ఉందో చూశా."

"ఎలా ఉంది?"

"బానే ఉంది."

చేతులు కడుక్కుని వచ్చి, ఆమె ముందున్న గిన్నెలోంచి ఒక బంగాళదుంప, కత్తి తీసుకున్నాడు. అతను తొక్క తీస్తే దుంప సగం దాంతోపాటే పోతుంది. అందుకే ఏడాదిగా ఆ పని అతనికి ఇవ్వడం మానేసింది. ఆ పూట మాత్రం కత్తి లాక్కోలేదు. గిన్నెలో ఇంకో నాలుగు దుంపలు ఎక్కువ వేసి, ఎదురుగా కూర్చుంది.