బొటనవేలి పసుపు

మా చెరుకు దీవిలో క్యూర్‌పైప్ అనే ఊళ్లో, ఒక మందుల దొర లబోరాత్వార్‌లో, అంటే ప్రయోగశాలలో, సీసాలు కడిగే పనిలో చేరి, మెల్లగా ఆకులు నానబెట్టే పనిదాకా వచ్చాను. కడుపునొప్పికి మన ఆడవాళ్లు కాచి తాగే ఆయాపానా ఆకులో పనిచేసేది ఏమిటో తేల్చాలని ఆయన పట్టుదల. ఆకును స్పిరిట్‌లో నానబెట్టి, దిగిన లేత పసుపు రసంలో చాకలి సోడా నీళ్లు కలిపి రంగు చూసేవాళ్లం. పసుపు ముదిరితే ఒక జాతి పదార్థం, ఎర్రబడితే వేరొకటి. నా చేతిపని నచ్చితే ఎప్పటికీ ఉంచుకుంటానన్నాడు. లేకపోతే మా ఊరు బెల్ ఎయిర్‌కు తిరిగెళ్లి నాన్నతో పాటు చెరుకు కొట్టాల్సిందే.

సరిగ్గా అప్పుడే నా పెళ్లయింది. అమ్మ, కొత్త కోడలిని వెంటబెట్టుకుని, నా అద్దె గదికి వచ్చింది. పదహారు రోజుల పండుగదాకా నా చేతికి కట్టిన పెళ్లి కంకణం తీయకూడదంది. దారం వెలిసిపోకుండా రోజూ పొద్దున్నే దానికి కొత్తగా పసుపు పట్టించేది. దొర కంట పడితే నవ్వుతాడేమోనని నాకు చచ్చేంత సిగ్గు. అది చొక్కా చేతిలోంచి బయటికి జారినప్పుడల్లా ఎడమ బొటనవేలితో లోపలికి తోసేవాణ్ణి. ఆ వేలితోనే గాజు గొట్టం మూతి మూసి ఊపేవాణ్ణి. ఆ వేలికి పసుపు అంటుతోందని నా బుర్రకు తట్టలేదు.

నా గొట్టాల్లో రసం ఎర్రబడసాగింది. దొర ఎగిరి గంతేశాడు. నేనూ తక్కువ తినలేదు, ఇంటికెళ్లి అమ్మ దగ్గర గొప్పలు పోయాను. ఆ ఎరుపు చూపించడానికి ఇద్దరు పెద్దమనుషులను పిలిచి, వాళ్ల ముందు దొర తన చేత్తో కలిపాడు. ఎరుపు రాలేదు. నన్ను కలపమన్నాడు. వచ్చింది.

ఆయన నా వేలు పట్టుకుని వాసన చూసి, చొక్కా చేయి పైకి లాగాడు. "కిసా సా?" అన్నాడు. ఏమిటిదని అడుగుతున్నాడు. పెళ్లి దారమని గొణిగాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "దీన్నే పరీక్షిద్దాం, ఇస్తావా?" అన్నాడు. పండుగదాకా తీయకూడదని ఒక్క మాట అంటే సరిపోయేది. పని పోతుందన్న భయంతో చేయి చాచాను. ఆయన కత్తెరతో కత్తిరించి, గొట్టంలో వేసి, సోడా నీళ్లు పోశాడు. దారం రక్తంలా ఎర్రబడింది. ఆ ఎరుపు ఆకుది కాదు, పసుపుదని తేలింది. పెద్దమనుషులు భేష్ అన్నారు. తప్పు తేల్చడానికి దారం ఇచ్చినందుకు నా పని ఖాయమైంది.

బోసి చేత్తో ఏ మొహం పెట్టుకుని ఇంట్లో అడుగుపెట్టాలో తెలియలేదు. జరిగింది చెప్పాను. అమ్మ తల బాదుకుని మరో దారానికి పసుపు రాసి తెచ్చింది. అది కట్టబోతుంటే నా భార్య మెల్లగా అంది:

"వద్దత్తా. ఆయన రేపు మళ్లీ లబోరాత్వార్‌కి ఎల్లాల గదా. ఆడ సిగ్గుపడతారు."

ఆ పిల్లకు నేను కంకణం దాచుకున్న సంగతి ఎప్పుడు తెలిసిందో. రోజూ వాకిట్లో నిలబడి నన్ను సాగనంపేది, చూసే ఉంటుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

పండుగనాడు ఒకరి కంకణం ఒకరు విప్పాలి. పీటల మీద కూర్చుని నేను ఆమెది విప్పాను. తన వంతు వచ్చినప్పుడు ఆమె నా బోసి చేతిని రెండు చేతులతో పట్టుకుని, అందరూ చూస్తుండగా, లేని ముడి విప్పింది.