ఎడమ చేతి జత

కోలాటంలో ఒంటి మనిషికి చోటు లేదు. భజనలో ఎంతమంది కూర్చున్నా గొంతులు కలిసిపోతాయి. డప్పు ఎవరికి వాళ్ళే వాయించుకోవచ్చు. కోలాటానికి మాత్రం మన కట్టె తగలడానికి ఎదుట ఇంకో కట్టె ఉండి తీరాలి. యాభై దాటిన తర్వాత, ఆదోని నుంచి ఆస్పరి పోయే దారిలో ఒక పల్లెకు టీచరుగా బదిలీ అయి వచ్చాక ఈ సంగతి నాకు తెలిసొచ్చింది.

మాది ఎమ్మిగనూరు. మా నాన్న మగ్గం నేసేవాడు. కళ్ళు తెరిస్తే మగ్గం చప్పుడు, మూస్తే మగ్గం చప్పుడు. మా ఇంట్లో పాట అంటే అదే. ఇంటిల్లిపాదికీ ఆ పని పట్టుబడింది, నాకు తప్ప. నాది ఎడమచేతివాటం. కుడి చేత్తో తాడు లాగమంటే ఎడమ చెయ్యి ముందుకు పోయేది, పోగులు తెగేవి. దీనికి పుస్తకాలే గతి అని మా నాన్న లేపి పంపేవాడు. అట్లా చదువు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళి మాత్రం రాలేదు. అమ్మా నాన్నా పోయారు. మగ్గం ఉన్న గదిలో తమ్ముడు టైల్స్ వేయించి టీవీ పెట్టాడు. ఆదివారాలు పోయేదాన్ని. నేను పోతే పాపం వాళ్ళు టీవీ సౌండు తగ్గించి, నాతో ఏం మాట్లాడాలో తెలియక కూర్చునేవాళ్ళు. వాళ్ళకెందుకా శిక్ష అని నేనే పోవడం తగ్గించుకున్నాను.

నేనుండే పల్లె మెట్ట ఊరు. దీపావళి పోయి పత్తి తీతలు అయ్యేసరికి జనం మూటాముల్లె కట్టుకుని, పిల్లలతో సహా వ్యాన్లెక్కి గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. సుగ్గికి పోవడం అంటారు దాన్ని. మళ్ళీ ఉగాదికి గాని రారు. ఆ నెలల్లో నా తరగతిలో సగం బెంచీలు ఖాళీ, వీధిలో సగం ఇళ్ళకు తాళాలు. బడి నుంచి వచ్చి అద్దె గది తలుపు తీస్తే, మర్నాడు బడికి పోయేదాకా నాతో మాట్లాడేది ఫోను ఒక్కటే. అదీ రీఛార్జి చేయించుకోమని.

అట్లాంటి ఒక సాయంత్రం ఆంజనేయస్వామి గుడి ముందు కట్టెల చప్పుడు వినబడి పోయి చూశాను. ఉగాది తర్వాత ఊరి తేరు, స్వామి రథం లాగే పండగ. తేరు ముందు ఆడవాళ్ళు కోలాటం వేయాలి. సుగ్గికి పోకుండా మిగిలినవాళ్ళు నేర్చుకుంటున్నారు. గొర్రెలు కాసే ఒక ముసలాయన వాళ్ళకు గురువు. తాళాలు కొడుతూ ఆయన పాడితే వీళ్ళు తిరిగి పాడుతూ ఆడుతున్నారు. ఒక మనిషి మాత్రం మెట్ల మీద కట్టెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. ఆమె జత ఆమె పెద్ద తోడికోడలే, సుగ్గికి పోయింది. అత్త మంచం పట్టిందని ఈమె ఆగిపోయింది. జత లేక ఆట లేదు.

ఊరికే చూస్తూ నిలబడే బదులు ఈయమ్మకు జతగా ఆడరాదా అని గురువు నన్నడిగాడు. నాకు సిగ్గేసింది. నేను నోరు తెరిచేలోపే ఆమె ఇంటికి పరుగెత్తి తోడికోడలి కట్టెలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

మా గురువు ఆటలో జతలు మారవు. గుండ్రంగా తిరిగి తిరిగి మళ్ళీ అదే మనిషి ఎదుటికి రావాలి. వచ్చినప్పుడు మొదటి దెబ్బ కుడి కట్టెకు కుడి కట్టె తగలాలి. నాకేమో ఎడమ చెయ్యే ముందు లేచేది. ఆమె కుడి కట్టె గాలిలో పోయేది, నాది ఆమె భుజానికి తగిలేది. దేవుని ముందర ఎడమ చెయ్యి ఎత్తడమేంది అని గురువు విసుక్కున్నాడు. నాకూ ఒళ్ళు మండింది. ఊరందరి పిల్లలను గదమాయించేదాన్ని, ఈ వయసులో నేను తిట్లు తినాలా? కట్టెలు మెట్ల మీద పెట్టి పోబోయాను. ఆమె నా కొంగు పట్టుకుంది.

"ఉండు టీచరమ్మా. నీ సెయ్యి మారదు గానీ, నా సెయ్యి మారుతాది."

మర్నాటి నుంచి ఆమె మొదటి దెబ్బకు ఎడమ చెయ్యి ఎత్తడం మొదలుపెట్టింది. మా నాన్న కూడా నా కోసం ఆ పని చేయలేదు. గురువు నాలుగు రోజులు గొణిగి ఊరుకున్నాడు.

మేం పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఆట అయిపోగానే ఆమె అత్తకు అన్నం పెట్టాలని ఉరికేది. కానీ దెబ్బను బట్టి నాకు తెలిసిపోయేది. అత్తకు బాగాలేని రోజు కట్టె మెత్తగా తగిలేది. గుంటూరు నుంచి మొగుడి ఫోను రాని రోజు గట్టిగా పడేది, నా వేళ్ళు చూసుకోవాల్సి వచ్చేది. సెలవు రోజుల్లో నేను గదిలో గుమ్మానికి కట్టె కొట్టుకుంటూ అడుగులు వేసేదాన్ని. ఎవరో తలుపు తడుతున్నారని ఇంటి ఓనరమ్మ రెండుసార్లు వచ్చి చూసి, నాకేమైనా అయిందేమోనని భయపడి పోయింది.

గుమ్మానికి కొట్టినా చప్పుడు వస్తుంది. నా రెండు కట్టెలూ ఒకదానికొకటి కొట్టుకున్నా వస్తుంది. కానీ ఎదుటి మనిషి కట్టె తగిలితే మోచేతి దాకా జిల్లుమంటుంది. ఆ జిల్లు కోసమే నేను రోజూ పోయేదాన్ని. నన్ను ఒక మనిషి తాకి ఎన్నేళ్ళయిందో నాకు అప్పుడే తెలిసింది. తెలిసి ఆ రాత్రి బాగా ఏడ్చాను కూడా.

తేరుకు నువ్వూ ఉన్నట్టే అని గురువు మాటిచ్చాడు. అందరం ఆదోనికి పోయి ఒకే రంగు చీరలు తెచ్చుకున్నాం, చిలకపచ్చకు ఎర్రంచు. నాది మడత విప్పకుండా బీరువాలో పెట్టుకున్నాను.

ఉగాది ముందు వ్యాన్లు వచ్చాయి. ఊరికి ప్రాణం వచ్చింది. నా పిల్లలు నల్లబడి, బక్కచిక్కి, అరచేతులు మిరప మంటతో ఎర్రగా చేసుకుని వచ్చారు. వాళ్ళను చూసి సంతోషపడ్డాను, అది అబద్ధం కాదు. ఒక్క వ్యాను మాత్రం తేరు అయ్యాక వస్తే బాగుండునని కోరుకున్నాను, అదీ అబద్ధం కాదు. అదే మొదట వచ్చింది.

ఆ సాయంత్రం తోడికోడలు గుడి ముందుకు వచ్చింది. అందరూ ఆమె మీద పడి నవ్వులు, పలకరింపులు. నా జత నా పక్కన నిలబడి కొంగు మెలితిప్పుకుంటోంది. ఇద్దరి మధ్యా పాపం నలిగిపోతోంది. నేనే పోయి ఆ కట్టెలు వాటి సొంతదారు చేతిలో పెట్టాను. ఎవరైనా రాకపోతే పిలుస్తాం టీచరమ్మా అన్నాడు గురువు. ఊరి తేరుకు రాకుండా ఎవరుంటారు?

తేరు రోజు నేను ఆ చిలకపచ్చ చీరే కట్టుకున్నాను. నేను కొనుక్కున్న చీర, నా ఇష్టం. జనంలో అరుగు మీద కూర్చుంటే పక్కనున్న ఆమె, ఆటలోకి పోలేదేం టీచరమ్మా అని అడిగింది. కాళ్ళ నొప్పులన్నాను.

తేరు కదిలింది. గురువు పాట అందుకున్నాడు. తోడికోడళ్ళిద్దరూ ఎదురెదురుగా వచ్చారు. పెద్దామె కుడి కట్టె ఎత్తింది. నా జత ఎడమ కట్టె ఎత్తింది. ఒకటి ఇటు, ఒకటి అటు గాలిలో పోయాయి. అంత చప్పుడులో ఆ ఒక్క దెబ్బ వినబడకపోవడం ఎవరికి తెలుస్తుంది? నాకు తెలిసింది. పెద్దామె నవ్వి ఆమె భుజం మీద ఒక్కటేసింది.

"ఎవురికే ఎత్తినావు ఆ ఎడం సెయ్యి?"

ఆమె తల వంచుకుని అడుగు కలుపుకుంది. అప్పుడు నన్ను నేను చూసుకున్నాను. నా ఎడమ చెయ్యి పిడికిలి బిగించుకుని భుజం దాకా లేచి ఉంది. పక్కామె చూస్తుందేమోనని దించుకుని కొంగులో దాచుకున్నాను.

తిరిగి రెండో చుట్టుకు ఆమె సర్దుకుంది. కుడి చెయ్యే లేచింది, కట్టెకు కట్టె తగిలింది. నా ఎడమ చెయ్యి మాత్రం కొంగులోంచి మళ్ళీ లేచింది.