పొగలేని లాంచీ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను గోదావరి ఒడ్డున, భద్రాచలానికి ఎగువన ఒక అడవి పల్లెలో టీచర్ని. భద్రాచలం వెళ్లాలంటే డీజిల్ లాంచీయే దిక్కు. దాని డ్రైవరు పొగకు దగ్గి దగ్గి అలసిపోయిన మనిషి. ఏదో దేశంలో గ్యాస్‌ను బాగా చల్లబరిచి, ద్రవంగా మార్చి, దాంతో లాంచీలు నడుపుతున్నారని, పొగ దాదాపు ఉండదని పేపర్లో చదివి ఆయనకు చెప్పాను. అప్పటినుంచి నేను ఎక్కగానే అదే అడిగేవాడు.

"సార్, ఆ గ్యాస్ ఇంజను మనకాడికి ఎప్పుడొస్తదంట?"

"ఇప్పట్లో రాదన్నా."

"అవ్, మన దాంక యాడొస్తది," అని తలగుడ్డతో మూతి తుడుచుకునేవాడు.

ఒకనాడు నేనెక్కిన లాంచీలోనే ఆయాసంతో ఉన్న ముసలమ్మను కొడుకు దవాఖానాకు తీసుకెళ్తున్నాడు. వెనకగాలికి పొగంతా లోపలికి కమ్మి ఆమెకు ఊపిరాడలేదు. డ్రైవరు నడి ఏట్లో ఇంజను ఆపేశాడు.

"ఏందన్నా, జల్దీ పోవాలె గద!" కొడుకు అరిచాడు.

"ఈ పొగల జల్దీ పోతే అమ్మ ఉంటదా? నీళ్లే తీస్కపోతయ్. నువ్వు గడ పట్టు."

ప్రవాహమే మమ్మల్ని మెల్లగా రేవుకు చేర్చింది. ముసలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని నడిచి దిగింది. డ్రైవరు రేవు మెట్ల మీద కూలబడ్డాడు.

"ఇన్నేండ్లకు ఇయ్యాల గోదారి చప్పుడు విన్న సార్."

తిరుగు ప్రయాణానికి జనం ఎక్కి కూర్చున్నా, చాలాసేపు ఆయన ఇంజను దగ్గరికి పోలేదు.