కుంటలో పైపులు

2021 వేసవి. కోదాడలో నాకు అక్వేరియం కొట్టు ఉంది. రంగు చేపలు, గాజు తొట్లు, మేత అమ్ముతాను. తొట్టి కొన్న ప్రతివారికీ ఒక సక్కర్ ఫిష్ అంటగట్టేవాణ్ని. దక్షిణ అమెరికా చేప అది. ఒళ్లంతా గరుకు పెంకు, గాజుకు నోరు ఆనించి పాచి తింటుంది. కడిగే పని తప్పుతుందని జనం కొనేవారు. చిక్కేమిటంటే, అది తొట్టిలో పట్టనంత పెరుగుతుంది. ఎవరైనా తిరిగి తెస్తే, "చంపడమెందుకు, ఏ చెరువులోనో వదిలేయండి" అనేవాణ్ని. పెద్ద చేపను ఉంచుకోవడం నాకూ తలనొప్పే. ఆ మాట మాత్రం చెప్పేవాణ్ని కాదు.

ఒక మధ్యాహ్నం, పక్క ఊరి కుంటలో చేపలు పట్టే సైదులు, భార్య లింగమ్మతో వచ్చి తడి గోనెసంచి నా కౌంటర్ మీద గుమ్మరించాడు. మూరెడేసి సక్కర్లు.

"గివి నీ కొట్టుల దొరుకుతయట గద సేటు?"

"చిన్నవి దొరుకుతాయి."

"మా కుంటల పెద్దగైనయ్. నువ్వే అమ్ముకో," అంది లింగమ్మ.

వాటి ముళ్లకు వలలు చిరిగిపోతున్నాయట. తాము పట్టి అమ్ముకునే కొర్రమట్ట చేప గుడ్లు పెడితే మిగలనివ్వడం లేదట. పట్టుకెళ్తే కొనేవాడు లేడు. "ఇగ మిర్యాలగూడ మిల్లుల మూటలు మోసుడే," అన్నాడు సైదులు. అంతలో చచ్చిందనుకున్న చేప ఒకటి తోక ఆడించింది.

"పొద్దుగాల పట్టిన. ఇంక సావలే?"

"నీళ్లు లేకపోయినా గంటలకొద్దీ బతుకుతుంది. పట్టినవి ఏం చేస్తున్నారు?"

"గట్టు మీద పారేస్తం."

అంటే అవి జారి మళ్లీ నీళ్లలోకే పోతున్నాయి. ఏ కుంట అని అడిగాను. పేరు చెప్పారు. కొన్నేళ్ల కిందట కొట్టు మార్చినప్పుడు అమ్ముడుపోని సక్కర్లను నేను బకెట్లో తీసుకెళ్లి పోసింది అక్కడే. ఆ సంగతి చెప్పేశాను.

లింగమ్మ అంది: "పోసినోనివి నువ్వే తియ్యి. రేపు రా."

సక్కర్ పగటి వెలుతురుకు ఓర్వదు, చీకటి బొరియ వెతుక్కుంటుంది. వాటిని పెంచేవాళ్లు గుడ్ల కోసం నీళ్లలో పైపు ముక్కలు వేస్తారు. నేను హార్డ్‌వేర్ కొట్టులో మిగిలిపోయిన బోరు పైపుల ముక్కలు తెచ్చి, ఒక వైపు మూతలు బిగించి, తాళ్లు కట్టి గట్టు వెంట ముంచాను.

"చేపలకు ఇండ్లు కట్టిస్తున్నవా సేటు? ఫ్యాన్లు గూడ పెట్టు," అంది లింగమ్మ.

మర్నాడు ఎండెక్కాక తాళ్లు లాగాం. మొదటి పైపు ఖాళీ. రెండోదీ ఖాళీ. లింగమ్మ నా మొహం చూసింది. మూడోది బరువుగా వచ్చింది. సైదులు తలకిందులు చేసి దులిపితే రెండు సక్కర్లు పడ్డాయి. వల లేదు, చిరుగూ లేదు. పైపుల్లో దూరిన జెల్ల చేపల్ని తిరిగి వదిలాం. సక్కర్లను గట్టుకు దూరంగా గోతిలో పాతిపెట్టాం. ఆ వేసవీ, తర్వాతి వేసవీ ఆదివారాలు కొట్టు మూసి వెళ్లాను. నీళ్లు అడుగంటాక గట్టు బొరియలు పారతో తవ్వి మిగిలినవీ తీశాం.

ఆ రెండో వేసవి తర్వాత వానాకాలంలో సైదులు ఫోన్ చేశాడు. "సేటు, జర వచ్చి సూడు."

గడ్డి దగ్గర, నీళ్ల పైపైన, ఎర్రటి కొర్రమట్ట పిల్లల గుంపు సుడి తిరుగుతోంది. కింద తల్లి చేప కాపలా కాస్తోంది.

"గుడ్లు నిలిసినయ్," అన్నాడు.

"మరి మిల్లు?"

"మిల్లుల నాకేం పని?" అని నవ్వాడు. ఇంత తృప్తి నా వ్యాపారంలో ఎన్నడూ దొరకలేదు.

ఇప్పుడు సక్కర్ అమ్మను. ఇళ్లలో పెరిగినవి ఎవరు తెచ్చినా తీసుకుంటాను. వాటి కోసం వెనక సిమెంటు తొట్టి కట్టించాను. చేపను ప్రాణంతో వదిలితే దయ అనుకునేవాణ్ని. ఆ నీళ్లలో అప్పటికే ఎవరు బతుకుతున్నారో, ఆ నీళ్ల మీద ఎవరు బతుకుతున్నారో అడగకుండా చేసేది దయ కాదని, వదిలించుకోవడమని ఆ కుంట గట్టున తెలిసింది.