రెండో బుట్ట చేపలు

ల్యాబులో అందరూ ఆమెను గీతలక్క అనేవారు. చేప కాలేయం నూరి, ఆ రసాన్ని పిండితో పోసిన జిగురు పలకలో పెట్టి, కరెంటు పంపి రంగు పోస్తే ఎంజైములు నీలం గీతలుగా తేలతాయి. ఒకే రకం చేపల్లోనూ ఒక్కో మందది ఒక్కో తీరు. ఆ గీతలు చదవడమే ఆమె ఉద్యోగం. చేపలు తెచ్చిచ్చేది సొంత తమ్ముడు, అఖాతంలో వల వేసుకుని బతికేవాడు.

మొదటి బుట్టలో అఖాతం చేపల గీతలు కిందనే ఆగిపోయాయి. బయటి సముద్రం చేపలవి పైకి పాకాయి. అంటే అఖాతంలోది వేరే మంద, అది తరిగితే బయటినుంచి వచ్చి నింపే దిక్కు లేదు.

"ఇంకో బుట్ట కూడా ఇదే చెబితే అఖాతంలో వేట ఆపించాల్సిందే," అన్నాడు ప్రొఫెసరు. ఆ మాటే ఆమె భోజనాల దగ్గర తమ్ముడి ముందు నోరుజారి అనేసింది.

రెండో బుట్టలో అఖాతం అని చీటీ కట్టిన చేపల గీతలన్నీ బయటివాటిలా పైకే పాకాయి. ఆమె తమ్ముణ్ణి మెట్ల దగ్గర నిలదీసింది.

"ఎక్కడ పట్టావురా వీటిని?"

"నీళ్లలో."

"వెటకారాలు మాను."

"చేప చేపేనక్కా. గీత ఎటు జరిగినా నీకు జీతమొస్తుంది. నాకైతే నోటికాడ కూడు పోతుంది. పిల్లలకు నీ గీతలు వండి పెట్టనా?"

మొదటి బుట్ట ఎందుకలా వచ్చిందని ప్రొఫెసరు అడిగితే, పలక కడుగుతూ తలెత్తకుండా చెప్పింది. "ఆ రోజు ఐసు కరిగిపోయిందండి. కాలేయం పాడైతే గీతలు జారతాయి కదండీ." కాలేయం పాడైతే గీతలు జారడం నిజమే, ఐసు కరగడమే అబద్ధం. ఆయన మొదటి బుట్టను లెక్కలోంచి కొట్టేశాడు. అంతా ఒకటే మంద అని రిపోర్టు వెళ్లింది. వేట ఆగలేదు సరికదా, పెద్ద పడవలు కూడా లోపలికొచ్చాయి.

తోబుట్టువు ప్రేమంటే ఇదీ అని మెచ్చుకునేవాళ్లు ఒకసారి ఆ అఖాతంలో వల వేసి చూడాలి. కొన్నేళ్లకే నాచు తప్ప మరేమీ పడలేదు. విచిత్రమేమిటంటే, తన చేత్తో మార్చిన బుట్ట మీద రాసిన రిపోర్టును తమ్ముడు మనసారా నమ్మాడు.

"బయటివి లోపలికొస్తాయని రాశారు కదక్కా. ఇంకెప్పుడొస్తాయి?"

"రావురా."

"మీ ప్రొఫెసరే అన్నాడుగా."

"నువ్వు తెచ్చినవి చూసి అన్నాడు."

"తెలిసీ ఎందుకూరుకున్నావు?"

"తమ్ముడివని."

"పరాయిదానివైనా బాగుండేది," అని లేచి చెప్పులేసుకున్నాడు. పెద్ద పడవలో కూలి పని అడగడానికి బయల్దేరాడు.